క్యోటో నగరపు గియోన్ ఉత్సవము

జపాను దేశమునందలి క్యోటో నగరమున, జులై మాసము ప్రవేశించినంతనే కీరదోసకాయ తినుట మానువారు నేటికిని కలరు. ఆ కాయను అడ్డముగా కోసినప్పుడు కనబడు ఆకారము యసక దేవాలయపు ముద్రను పోలియుండును. దేవుని ముద్రను పంట కొరుకరాదని వారి భావము. ఆచారము చిన్నదే గాని, అది ఏ ఉత్సవమునకు సంబంధించినదో ఆ గియోన్ ఉత్సవము పదునొకండు శతాబ్దములకు పైబడినది.

క్యోటో 794లో రాజధానియైనది. వానకాలమున కామో నది పొంగుటయు, పల్లపు వాడలలో నీరు నిలుచుటయు, వెనువెంట అంటురోగములు ప్రబలుటయు అచట పరిపాటి. రాజకీయ కలహములలో అన్యాయముగా మరణించినవారి ఆత్మలే ఆగ్రహించి ఈ రోగములను పంపుచున్నవని నాటి ప్రజలు నమ్మిరి. 869లో మహామారి వ్యాపింపగా, దేశమునందలి 66 రాష్ట్రములకు గుర్తుగా 66 బల్లెములను నిలిపి శాంతి జరిపిరని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ బల్లెములే కాలక్రమమున రథములైనవి.

గియోన్ అను పేరు మన దేశమునుండి వెళ్లినదే. శ్రావస్తిలో అనాథపిండికుడు బుద్ధునకు సమర్పించిన జేతవన విహారమునకు చీనా, జపాను భాషలలోని పేరునుండి ఇది పుట్టినది. ఆ విహారమునకు రక్షకుడని చెప్పబడు గోశిరస్సు గల దేవత ఇచట రోగనివారకుడుగా పూజలందెను. ఈ దేవుడు బాటసారియై వచ్చి ఆశ్రయము కోరగా ధనవంతుడైన తమ్ముడు పొమ్మనెననియు, పేదవాడైన అన్న సోమిన్ కొఱ్ఱల వంటి ధాన్యముతో వండిన అన్నము పెట్టెననియు కథ. అతని వంశమునకు రోగభయము లేదని దేవుడు వరమిచ్చెనట. అందుచేతనే నేటికిని ఉత్సవకాలమున, తాము సోమిన్ సంతతివారమని వ్రాసిన చీటితో కూడిన వెదురాకు కట్టను క్యోటో వాసులు కొని వాకిట కట్టుకొందురు.

అయితే ఈ ఉత్సవమును నిలిపినవారు రాజులు కారు, పూజారులును కారు. వర్తకులు, నేతగాండ్రు మొదలగు వీధి జనులు. ఒక్కొక్క రథము ఒక్కొక్క వీధివారి సొత్తు. 1467 మొదలు 1477 వఱకు జరిగిన ఓనిన్ యుద్ధమున నగరము భస్మమై ఉత్సవము ఆగిపోయెను. 1500లో వారే దానిని తిరిగి నెలకొల్పిరి. రథముల వరుసకై వీధులవారు కలహింపకుండుటకు నాడు ఏర్పరచిన చీట్లు తీయు పద్ధతి నేటికిని సాగుచున్నది. 1533లో దేవాలయపు ఉత్సవమును నిలుపవలెనని ప్రభుత్వము ఆజ్ఞాపించినది. అప్పుడు వీధుల పెద్దలు గుడికి వచ్చి, దైవకార్యము జరుగకున్నను సరియే, తమ రథములు మాత్రము కదలవలెనని కోరిరి. పండుగ ఎవరిది అను ప్రశ్నకు ఇంతకంటె సూటియైన సమాధానము చరిత్రలో అరుదు.

పెద్ద రథము ఎత్తు ఇంచుమించు 25 మీటర్లు, బరువు 12 టన్నులు. చట్రమును మేకులతో గాక గడ్డిత్రాళ్లతో బిగించి కట్టుదురు. చక్రములు ప్రక్కకు తిరుగవు. కావున వీధి మలుపున చీల్చిన వెదురుబద్దలను పఱచి, నీరు చల్లి, వానిపై చక్రములను నిలిపి, మోకులతో ఒక్కపెట్టున ప్రక్కకు లాగుదురు. జనులు ఊపిరి బిగబట్టి చూచునది ఈ ఘట్టమునే.

రథములకు వ్రేలాడు వస్త్రములు మరియొక చరిత్ర. వానిలో 16వ శతాబ్దమున బెల్జియము దేశమున నేసిన చిత్రకంబళ్లు గలవు. గ్రీకుల ఇలియడ్ కథ అందొకదానిపై గలదు. కొన్ని తివాచీలు మన దక్కనులో నేసినవని పండితులు గుర్తించిరి. ఒక రథమునకు చెందిన భారతీయపు అద్దకపు బట్టపై 1684వ సంవత్సరపు గుర్తు గలదు. ఆ శతాబ్దమున డచ్చివారు 1606 నుండి బందరున వర్తకస్థానము కలిగియుండి, కోరమాండల్ తీరపు అద్దకములను జపానుకు చేర్చుచుండిరి. విదేశయానము నిషిద్ధమైన కాలమున సైతము క్యోటో వర్తకుడు తన వీధి రథమునకు ఎల్ల దేశముల వస్త్రములను సేకరించుట గమనింపదగినది.

1868లో ప్రభుత్వము బౌద్ధమును షింటోమతమునుండి వేరుచేసినప్పుడు దేవాలయమునకు గియోన్ పేరు తీసి యసక అని పెట్టిరి. గోశిరస్సు గల దేవత స్థానమున షింటో దేవుడగు సుసనోవో పేరే మిగిలెను. జనుల నోట మాత్రము ఉత్సవము గియోన్ గానే నిలిచినది.

అంతకు నాలుగేండ్ల ముందు, 1864లో, అంతర్యుద్ధపు మంటలలో పెక్కు రథములు కాలిపోయెను. ఓడ ఆకారము గల రథమొకటి 150 ఏండ్ల తరువాత 2014లో మరల ఊరేగినది. డేగవేట ఘట్టమును చూపు మరియొక రథము 1826 నాటి గాలివానలో చెడి, మరునాటి యేడు మొదలు ఊరేగింపునకు రాకుండెను. అగ్నిప్రమాదము నుండి దక్కిన విగ్రహముల తలలను చేతులను ఆ వీధివారు భద్రపఱచి, పండుగనాళ్లలో తమ వీధిలోనే ఉంచి కొలుచుచుండిరి. రథము లేని వీధిలో తరము వెనుక తరము పెరిగినది. మహామారి కారణముగా 2020లోను 2021లోను ఊరేగింపు జరుగలేదు. 2022 జులై 24వ తేదీన, 196 సంవత్సరముల పిమ్మట, ఆ డేగ రథము వీధిలోనికి కదలి వచ్చెను.