స్ట్రోక్స్‌టౌను ఎస్టేటు: కౌళ్లును లెక్కలును

ఐర్లండు ద్వీపమునకు ఇంచుమించు నడుమ రాస్కామన్ మండలమున స్ట్రోక్స్‌టౌను అను చిన్న పట్టణము కలదు. పట్టణము చిన్నదైనను దాని రాజవీధి మిక్కిలి విశాలమైనది. ఆ వీధి చివర ఒక కమానును, కమాను దాటినపిదప మాహన్ వంశీయుల మేడయు ఉన్నవి. మేడలోని వంటశాలకు పైభాగమున ఒక నడవ కలదు. దొరసాని వంటవారి నడుమకు దిగిరాక, సోమవారమునాఁడు ఆ వారపు వంటకముల పట్టికను ఆ నడవనుండి క్రిందికి జాఱవిడుచుచుండెడిదని చెప్పుదురు. పనివారు దొరల కంటఁబడకుండ వంటయింటినుండి గుఱ్ఱపుసాలకు పోవుటకై నేలలో సొరంగము కట్టిరి. ఆ యింటివారు తమ యిల్లెట్లు కట్టుకొనిరో తమ భూములను గూడ అట్లే యేలిరని చెప్పినచో తప్పులేదు. పని జరుగవలయును, పనివాఁడు కనఁబడఁగూడదు.

ఆ యెస్టేటు చరిత్రమంతయు ఈ వ్యాసమున చెప్పఁబూనలేదు. 1847 వ సంవత్సరమున అచ్చటి గ్రామములనుండి వేలకొలఁది జనులు వెడలిపోవలసివచ్చెను. భూస్వామియు తుపాకిగుండునకు బలియయ్యెను. ఇందులకు భూస్వామి దుర్మార్గమే హేతువని కొందఱును, బంగాళాదుంపకు పట్టిన తెగులే హేతువని కొందఱును అందురు. రెండింటను కొంత నిజము కలదు. కాని తెగులు పట్టిన పైరు మఱుసటి యేఁట పండవచ్చును. దుర్మార్గుని కొడుకు సన్మార్గుఁడు కావచ్చును. కౌలుపత్రములోని షరతును, పన్నుల చట్టములోని చిన్న నిబంధనయు అట్లు తమంతట తాము మాఱునవి కావు. కావున మేము వానినే ముందుగా విచారింపఁదలఁచితిమి.

క్రామ్వెల్ పక్షమున పోరాడిన సేనాధికారి నికొలస్ మాహన్ అనునతఁడు 17 వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఇచ్చట భూములను సంపాదించెను. ఐర్లండు పార్లమెంటు రద్దయి ఆ దేశము ఇంగ్లండుతో కలపఁబడు సందర్భమున, 1800 లో, ఆతని వంశజుఁడు మారిస్ మాహన్ హార్ట్‌లండు ప్రభువను బిరుదమును పొందెను. ఎస్టేటు క్రమముగా పెరిగి సుమారు 11,000 ఎకరములయ్యెను. ఈ భూమిని దున్నినవారు ప్రాయికముగా కథోలిక మతస్థులగు ఐరిషువారు. పత్రములు వ్రాసినవారు ప్రొటెస్టంటు మతస్థులగు దొరలు.

ఐర్లండులోని కౌళ్ల విధము మనకు కొంత వింతగా తోఁచును. 1704 నాఁటి శాసనము ప్రకారము కథోలికుఁడు 31 సంవత్సరములకు మించిన కౌలు పొందరాదు. 1778 లో ఈ నిర్బంధము సడలెను. ప్రొటెస్టంటులకు దొరకుచుండిన మేలైన కౌలు "మూఁడు ప్రాణముల కౌలు". పత్రములో ముగ్గురి పేళ్లు వ్రాసికొందురు. ఆ ముగ్గురిలో కడపటివాఁడు చనిపోవువఱకు కౌలు చెల్లును. కౌలుదారు తన చంటిబిడ్డ పేరు వ్రాయించుకొనుట కలదు. కొందఱు రాజకుమారుల పేళ్లు వ్రాయించుకొనెడివారు. రాజకుమారుఁడు బ్రతికియున్నాఁడో లేదో తెలిసికొనుటకు సాక్షులతో పనిలేదు గదా! ఇట్టి కౌలుదారు తాను దున్నఁడు. పెద్ద భూమిని చౌకమక్తాకు తీసికొని, దానిని ముక్కలుచేసి హెచ్చుమక్తాకు ఇతరులకిచ్చును. వారు మఱల ముక్కలుచేసి వేఱొకరికిత్తురు. దున్నువానికిని భూస్వామికిని నడుమ ఇట్లు ఇద్దఱు ముగ్గురు నిలిచెడివారు. భూస్వామికి రావలసిన సొమ్ము నిశ్చయముగా వచ్చుచుండుటచే, ఆతఁడు లండనులో కూర్చుండి, తన నేలపై ఎందఱు బ్రతుకుచున్నారో ఎఱుఁగకయే కాలము గడపఁగలిగెను.

ఈ ముక్కల వ్యవహారమునకు రాజకీయము దోహదము చేసెను. 1793 లో కథోలికులకు వోటుహక్కు వచ్చెను. జీవితకాలపు కౌలు కలిగి, దానిపై ఏఁటికి 40 షిల్లింగుల లాభమున్నవాఁడు వోటరు. వోటు దొర చెప్పినవానికే పడవలయును గనుక ఎక్కువమంది చిన్న కౌలుదారులుండుట దొరకు గౌరవము. 1829 లో ఈ 40 షిల్లింగుల వోటును తీసివేసి 10 పౌనుల ఆస్తి నియమమును పెట్టిరి. నాఁటితో చిన్నకౌలుదారుఁడు దొరకు నిష్ప్రయోజకుఁడయ్యెను. ఇదివఱకే 1815 లో నెపోలియనుతోడి యుద్ధము ముగిసి ధాన్యపు ధరలు పడిపోయియుండెను. మక్తాలు మాత్రము యుద్ధకాలపు ధరలకే నిలిచెను.

జీవితకాలపు కౌళ్లు ఒక్కొక్కటియే గడువు తీఱఁగా వాని స్థానమున దొర యిచ్ఛానుసారపు కౌలు వచ్చెను. దానికి గడువులేదు, పత్రములేదు. ఆఱునెలల నోటీసుతో ఎవనినైనను లేవఁగొట్టవచ్చును. మన ఉత్తరసర్కారుల జమీందారీ రైతు కష్టములు తక్కువవి కావు. అయినను 1865 నాఁటి మద్రాసు శాసనముచేత ఆతనికి పట్టా, ముచ్చిలికలు మార్చుకొను నియమమైన నుండెను. ఐర్లండు రైతునకు అదియు లేదు. పైఁగా "వ్రేలాడు కిస్తు" అను నొక యాచారము కలదు. క్రొత్త కౌలుదారు మొదటి ఆఱునెలల శిస్తును వెంటనే చెల్లింపనక్కఱలేదు, అది వ్రేలాడుచుండును. చూపునకు ఇది దయ. కాని రైతు దినమొక్కటియైనను బకాయిదారుఁడు కాక బ్రతుకఁజాలఁడు. బకాయిదారుని ఏనాఁడైనను కోర్టుకీడ్చవచ్చును. ఇంత సులువుగా మనుష్యుని కాలికి సంకెల తగిలించు దయను మేమెచ్చటను వినలేదు.

ఇఁక క్రిందిమెట్టున ఉన్నవాఁడు పదునొకండు నెలలకు అరయెకరమో పావెకరమో తీసికొని బంగాళాదుంప వేసికొనెడి కూలివాఁడు. కొన్ని గ్రామములలో భూమి ఉమ్మడి. మంచినేల, చవిటినేల అందఱికిని సమముగా వచ్చునట్లు పీలికలుగా పంచుకొనెడివారు. ఒక కుటుంబపు భూమి ఇరువదిచోట్ల నుండుట కలదు. ఎస్టేటు ఉద్యోగులకు ఈ పద్ధతి మిక్కిలి రోఁత. అది సోమరితనమునకు మూలమని వారి మతము. అందలి న్యాయబుద్ధి వారికి తోఁచలేదు.

స్ట్రోక్స్‌టౌనులో ఈ చిక్కులకు తోడు మఱియొకటి తటస్థించెను. మూఁడవ హార్ట్‌లండు ప్రభువునకు మతి చలించెను. ఎస్టేటు వ్యవహారము చాన్సరీ కోర్టుపాలయ్యెను; వారసత్వమునకై దాయాదులు పోరాడిరి. అట్టి కాలమున శిస్తు గట్టిగా వసూలు చేయువాఁడు లేఁడు, తగ్గించువాఁడును లేఁడు. జనులు తమ బిడ్డలకు భూమి పంచియిచ్చుచుపోయిరి. 1845 లో ఆ ప్రభువు మరణింపఁగా మేజరు డెనిస్ మాహన్ అను దాయాది వారసుఁడయ్యెను. సుమారు 13,000 పౌనుల బకాయిలును, ఎస్టేటు అప్పులును ఆతనికి సంక్రమించినవి. తెగులు మొదట కనఁబడినది ఆ సంవత్సరపు శరత్కాలముననే.

ఆ యెస్టేటు ప్రక్కనే బాలీకిల్‌క్లైన్ అను గ్రామము కలదు. అది రాజుగారి సొంతభూమి. మాహనులు దానికి కౌలుదారులు మాత్రమే. వారి కౌలుగడువు 1834 లో తీఱెను. నడిమివాఁడు తొలఁగినందున ఇఁక భూమి తమదేయని అచ్చటి రైతులు శిస్తు మానివేసిరి. పండ్రెండేండ్లు అమీనాలతోను కోర్టులతోను పోరాడిరి. తుదకు 1847, 48 సంవత్సరములలో ప్రభుత్వమువారు వారిని లేవఁగొట్టి, తమ ఖర్చుతో న్యూయార్కునకు ఓడలమీఁద పంపివేసిరి. కౌలుగడువు తీఱుట దున్నువానికి స్వాతంత్ర్యమని వారు నమ్మిరి. చట్టము అది వానికి నిరాశ్రయత్వమని తీర్పుచెప్పెను.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వత్తము. ఐర్లండులో దరిద్రపోషణము ఆయా ప్రాంతములలోని భూములపై విధించు పన్నువలన జరుగుచుండెను. ఆ పన్నును సాధారణముగా భూమిననుభవించువాఁడు చెల్లింపవలయును. అయితే 4 పౌనులును, అంతకు లోపును విలువగల కమతములకు పన్నును ఆ భూమిని కౌలుకిచ్చినవాఁడే చెల్లింపవలయునని 1843 లో నొక నిబంధన చేసిరి. పేదకు పన్ను బాధ తప్పింపవలయుననియే దాని యుద్దేశము. ఫలమేమయ్యెనో చూడుఁడు. క్షామములో చిన్నరైతు శిస్తు ఈయలేఁడు. వాని నిమిత్తము పన్ను మాత్రము దొర కట్టవలయును. నడిమి కౌలుదారుఁడు ఉన్నచోట ఈ భారము వానిది. వాని కౌలు తీఱినచోట తిన్నగా దొర నెత్తిపై పడును. ఆ గుడిసె కూలిపోయి, నాలుగైదు కమతములు ఒక్కటియై 4 పౌనులు దాఁటినచో పన్ను దొరది కాదు. పేదవానిని కాపాడుటకు వ్రాసిన వాక్యమే వానిని వెళ్లగొట్టుటకు దొరకు లాభకారణమయ్యెను. శాసనకర్తలలో దీనిని కోరినవారెందఱో చెప్పలేము. అట్లు కోరనివారికిని ఫలమొక్కటియే.

మేజరు మాహన్ తన దాయాదియగు జాన్ రాస్ మాహన్ అనునతనిని దివానుగా నియమించెను. ఈతఁడు గిన్నెస్ మాహన్ అను డబ్లిను సంస్థలో భాగస్థుఁడు, లెక్కలలో దిట్ట. ఎస్టేటును పరీక్షించి, జనులలో మూఁడింట రెండువంతులవారు వెడలిపోయిననే గాని భూమి శిస్తు ఈయదని యజమానికి తెలిపెను. ఆతని లెక్కప్రకారము పేదలను దరిద్రశాలలో ఒక్క సంవత్సరము పోషించుటకగు వ్యయములో ఇంచుమించు సగముతో వారిని సముద్రము దాఁటింపవచ్చును. లెక్క తప్పు కాదు. అందులో పశువులకును మనుష్యులకును ఒకే కూడిక, అంతియే భేదము. యజమాని సుమారు 4,000 పౌనులు వ్యయపఱచుటకు ఒప్పుకొనెను.

1847 మే నెలలో 1,490 మంది స్ట్రోక్స్‌టౌనునుండి డబ్లినునకు సుమారు 100 మైళ్లు రాయల్ కాలువగట్టు వెంబడి నడిచిరి. వారు త్రోవలో మఱలిపోకుండ ఎస్టేటు బంట్రోతు వెంటనుండెను. డబ్లినునుండి లివర్‌పూలునకును, లివర్‌పూలునుండి కెనడాకును ఓడలెక్కిరి. వర్జీనియస్ అను ఓడలో 476 మంది ప్రయాణికులు. సెయింటు లారెన్సు నదిలోని గ్రోసు దీవి చేరునాఁటికే వారిలో 158 మంది జ్వరముచే మరణించియుండిరి. దిగినవారిలోను పెక్కుమంది రోగులే. దివాను కూడికలో ఈ పద్దునకు చోటులేదు.

డెనిస్ మాహన్ రాక్షసుఁడని మేమనము. ఓడకూలియైన ఈయక ఇండ్లు కూల్చినవారు ఆ దేశమున పెక్కుమంది కలరు. ఆతఁడు తన లెక్కకు లోఁబడినవాఁడు. ఆ లోఁబడుటయే మాకు భయంకరముగా తోఁచుచున్నది. ఓడ ప్రయాణమునకు ఒప్పుకొననివారిని లేవఁగొట్టుట సాగుచుండెను. 1847 నవంబరు 2 వ తేదీ సాయంకాలము రాస్కామన్ పట్టణములో దరిద్రపోషణ సంఘపు సభ ముగించుకొని బండిపై వచ్చుచుండఁగా దారిలో ఆతనిని కాల్చి చంపిరి. స్థానిక మతగురువే ప్రేరేపించెనని ప్రభువుల సభలో నిందమోపిరి. గురువు దానిని ఖండించెను. మఱుసటి సంవత్సరమున హంతకులని ఇద్దఱిని ఉరితీసిరి. లేవఁగొట్టుట మాత్రము ఆగలేదు. మొత్తముమీఁద 3,000 మందికి పైగా నిరాశ్రయులైరని ఎల్ఫిన్ బిషప్పు 1848 లో పేళ్లతో పట్టికను ప్రకటించెను. పావెకరమునకు మించి భూమి కలవానికి సహాయము చేయఁగూడదని 1847 జూనులో వచ్చిన నిబంధనయు, పేదలు తమంతట తామే భూమి విడుచునట్లు చేసినది.

వేఱు మార్గము లేదాయని పాఠకులు అడుగవచ్చును. ఉండెను. ఉత్తరమున అల్స్టరు ప్రాంతమున వెడలిపోవు రైతు తన అనుభవహక్కును క్రొత్తవానికి అమ్ముకొను ఆచారము కలదు. దొర బకాయి ఆ సొమ్ములోనుండి తీఱును. మిగిలినది రైతు చేతికి వచ్చును. చేతిలో సొమ్ముతో ఓడయెక్కుటకును, అమీనా వెంటఁబడ ఓడయెక్కుటకును ఎంత భేదము! ఈ యాచారమును దేశమంతటికిని చట్టముగా చేయుటకు 1881 వఱకు పట్టెను. తగిన శిస్తు, స్థిరమైన అనుభవము, స్వేచ్ఛగా అమ్ముకొను హక్కు అను మూఁడును ఆనాఁటి చట్టమువలన వచ్చినవి. అందులకు 1879 లో పుట్టిన భూసంఘముయొక్క ఆందోళనము అవసరమయ్యెను. 1903 నాఁటి చట్టముతో రైతులు ప్రభుత్వపు ఋణముచే దొరల భూములను విస్తారముగా కొనుక్కొనిరి.

మాహన్ వంశీయులు ఆ మేడలో 1979 వఱకు నుండిరి. ఆ యేఁట దానిని కొన్న స్థానిక వర్తకులకు ఎస్టేటు కచేరీలో వేలకొలఁది పాత కాగితములు దొరకెను. వానిమూలముననే 1994 లో అచ్చట క్షామ ప్రదర్శనశాల ఏర్పడెను. ఆ కాగితములలో శిస్తు పద్దుల పుస్తకములతోపాటు, 1846 ఆగస్టులో క్లూనహీ గ్రామస్థులు తమకు పని యిప్పింపవలసినదని వేఁడుకొనుచు వ్రాసికొనిన అర్జీ యొకటి భద్రముగా నుండెను.