విద్యుత్ అంతరాయం - వినియోగదారునిపై ఆర్థిక భారం

విద్యుత్ సరఫరా ఒక గంట నిలిచిపోయినచో పంపిణీ సంస్థ కోల్పోవునది ప్రధానంగా ఆ గంటలో అమ్ముడుపోని యూనిట్ల ఆదాయం. వినియోగదారుడు కోల్పోవునది అంతకు అనేక రెట్లు అధికం. అయితే ఈ నష్టం ఏ విద్యుత్ బిల్లులోను కనిపించదు.

నష్టం మూడు విధములు

మొదటిది, పని నిలిచిపోవడం. మరమగ్గం ఆగినచో నేత కార్మికుని ఆ పూట కూలి తగ్గును. కొలిమిలో కరిగిన లోహం గడ్డకట్టినచో, సరఫరా తిరిగి వచ్చినను పని మరల మొదటి నుండి ప్రారంభించవలసి వచ్చును.

రెండవది, సరుకు, సామగ్రి పాడగుట. గోదావరి, కృష్ణా డెల్టాలలోని రొయ్యల చెరువులలో తెల్లవారుజామున నీటిలోని ప్రాణవాయువు మిక్కిలి తగ్గును. ఆ వేళ ఏరేటర్లు ఆగినచో నెలల తరబడి పెంచిన పంట కొద్ది గంటలలో దెబ్బతినగలదు. లో వోల్టేజి వలన వ్యవసాయ మోటారు కాలిపోయినచో వైండింగ్ ఖర్చుతో పాటు, ఒక తడి తప్పిన పైరు నష్టం కూడ రైతుపై పడును.

మూడవది, ప్రత్యామ్నాయ ఏర్పాట్ల వ్యయం. చిన్న జనరేటరు ఒక లీటరు డీజిలుతో సుమారు 3 యూనిట్ల విద్యుత్ ఇచ్చును. లీటరు 95 రూపాయలైనచో యూనిట్‌కు ఇంధన వ్యయమే 30 రూపాయలు దాటును. పరిశ్రమలకు యూనిట్ ధర స్థూలంగా 6 నుండి 8 రూపాయలు కాగా, ఇది నాలుగైదు రెట్లు. ఇన్వర్టరు, బ్యాటరీ కొనుగోలు చేయు కుటుంబం కూడ అంతరాయం లేని రోజులలో సైతం ఈ భారాన్ని మోయుచున్నది.

ముందస్తు సమాచారం ముఖ్యం

ముందుగా ప్రకటించిన కోత కంటె, చెప్పకుండ జరుగు అంతరాయం ఎక్కువ నష్టం కలిగించును. సమయం తెలిసినచో పనివేళలు మార్చుకొనవచ్చును. అయినను ప్రకటించిన కోత నష్టరహితం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకు వారానికి ఒక రోజు పవర్ హాలిడే అమలు జరిగినది. నిరంతరం నడుచు పరిశ్రమలు తమ వాడకాన్ని సగానికి తగ్గించుకొనవలసి వచ్చినది.

చట్టం కల్పించిన హక్కు

విద్యుత్ చట్టం-2003లోని 57వ సెక్షను ప్రకారం, విద్యుత్ నియంత్రణ మండలి నిర్దేశించిన సేవా ప్రమాణాలను పాటించని పంపిణీ సంస్థ, బాధిత వినియోగదారునికి మండలి నిర్ణయించిన పరిహారం చెల్లించవలెను. నిర్ణయం జరిగిన 90 రోజులలోగా ఈ చెల్లింపు జరగవలెను. పాడైన ట్రాన్స్‌ఫార్మరును పట్టణాలలో 24 గంటలలోగా, గ్రామాలలో 48 గంటలలోగా మార్చవలెనని ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2004లో నిర్దేశించినది. కేంద్ర ప్రభుత్వం 2020లో జారీ చేసిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు, దూరం నుండి పర్యవేక్షించుటకు వీలైన అంశాలలో పరిహారం దానంతటదే అందవలెనని పేర్కొన్నవి.

అయితే ఈ పరిహారం ఒక్కొక్క లోపానికి నిర్ణయించిన మొత్తమే గాని, చెరువులోని రొయ్యల విలువకో, ఆగిన మగ్గం కూలికో సరితూగునది కాదు. కావున పరిహారం కంటె అంతరాయ నివారణయే వినియోగదారునికి అసలైన మేలు.

సరఫరా నిలిచిన వెంటనే 1912 నంబరుకు తెలిపి, ఫిర్యాదు సంఖ్యను, సమయాన్ని వ్రాసి ఉంచుకొనవలెను. పరిష్కారం లభించనిచో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికను, అక్కడను న్యాయం జరగలేదని భావించినచో విద్యుత్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. నమోదైన ఫిర్యాదే గడువు దాటినదనుటకు ఆధారం. వినియోగదారులు ఈ హక్కును సద్వినియోగం చేసుకొనవలసి యున్నది.