అఖ్లాఖ్ శాస్త్రం: తెలియడం, అలవడడం

అరబ్బీలో 'ఖులుఖ్' అంటే స్వభావం, శీలం. దాని బహువచనమే 'అఖ్లాఖ్'. నీతిశాస్త్రానికి ముస్లిం పండితులు 'ఇల్ముల్ అఖ్లాఖ్' అని పేరు పెట్టారు. అనగా శీలాన్ని గురించిన విద్య. ఈ పేరులోనే ఒక విశేషం ఉన్నది. ఏది మంచి, ఏది చెడు అని తెలుసుకోవడంతో ఈ విద్య పూర్తి కాదు. తెలిసినది మనిషి స్వభావంగా మారాలి. ఈ రెండింటి మధ్య ఎంత దూరమున్నదో ఆ శాస్త్ర చరిత్రే చెబుతుంది.

మొదట తలెత్తినది తెలియడాన్ని గురించిన ప్రశ్న. అబద్ధం, అన్యాయం స్వతహాగా చెడ్డవి కనుక దేవుడు వాటిని నిషేధించాడా? లేక దేవుడు నిషేధించినందువల్లనే అవి చెడ్డవైనాయా? బస్రా, బాగ్దాదు నగరాల్లోని ముతజిలా పండితులు మొదటి పక్షం వహించారు. మంచిచెడ్డల మూలసూత్రాలను బుద్ధి తానే గ్రహించగలదని వారి వాదం. హిందూదేశానికి చెందినవారుగా కలాం గ్రంథాలు పేర్కొనే 'బరాహిమా' వర్గం ప్రవక్తలను అంగీకరించదని, అయినా దౌర్జన్యం చెడ్డదని వారికీ తెలుసునని వారు ఉదాహరణ చూపేవారు.

ముతజిలీ గురువైన జుబ్బాయీ వద్ద చదువుకొని, తరువాత ఆ పక్షాన్ని విడిచిన ఇమామ్ అష్అరీ దీనిని ఖండించారు. మానవ బుద్ధి అల్లిన కొలబద్ద దేవుణ్ణి కట్టివేయజాలదు. విధి, నిషేధం వహీ ద్వారానే స్థిరపడతాయి అన్నారాయన. సమర్ఖందులో ఇమామ్ మాతురీదీ (మరణం క్రీ.శ. 944) వహీ ఆవశ్యకతను నిలుపుతూనే, మంచిచెడ్డలను గుర్తించే శక్తి బుద్ధికి కొంతవరకు ఉన్నదని అంగీకరించారు.

అయితే ఈ చర్చ పాఠశాలల గోడల మధ్యనే ఉండిపోలేదు. క్రీ.శ. 833లో ఖలీఫా మామూన్, ఖురాన్ సృష్టింపబడినదని ఒప్పుకొంటారో లేదో విచారించవలసిందిగా ఖాజీలను, హదీసు పండితులను పరీక్షింపజేశాడు. ఇదే 'మిహ్నా'. ఆ ఏడే మామూన్ మరణించినా విచారణ ఆగలేదు. ముతసిమ్ కాలంలో ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ కొరడా దెబ్బలు తిన్నారు. విచారణ సాగించినవారిలో ముఖ్యుడు, ప్రధాన ఖాజీ ఇబ్న్ అబీ దువాద్, ముతజిలా పక్షంవాడే. న్యాయం బుద్ధికి తెలుస్తుందని బోధించిన పక్షానికి అధికారం దొరికినప్పుడు, ఎదుటివాని అంతరాత్మ మీద బలప్రయోగం అన్యాయమని తోచలేదు. వాదం ఎంత గొప్పదైనా శీలాన్ని దానంతట అది ఇవ్వదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

రెండవ మెట్టును శ్రద్ధగా పరిశీలించినవారు మిస్కవైహ్ (మరణం క్రీ.శ. 1030). రయ్ నగరంలో బువైహీ వజీరు ఇబ్నుల్ అమీద్ గ్రంథాలయాన్ని చూచుకొన్న ఈ పండితుడు చరిత్రకారుడు కూడా. ఆయన 'తహ్జీబుల్ అఖ్లాఖ్', 9వ శతాబ్దంలో అరబ్బీలోకి వచ్చిన అరిస్టాటిల్ నీతిగ్రంథాన్ని ఇస్లామీయ జీవనంతో కలిపి చూచింది. వివేకం, ధైర్యం, నిగ్రహం, న్యాయం అనే నాలుగు సద్గుణాలను ఆయన వివరించారు. పిరికితనానికీ దుడుకుతనానికీ మధ్య ఉన్నది ధైర్యం. తక్కిన మూడూ పొంతన కుదిరినప్పుడు కలిగేది న్యాయం.

కొండగుహలో ఒంటరిగా ఉన్నవాడు సద్గుణవంతుడని అనరాదంటారు మిస్కవైహ్. ఇవ్వడానికి ఎవరూ లేనిచోట దాతృత్వం లేదు; వివాదమే లేనిచోట న్యాయం లేదు. రోజుకు ఐదుసార్లు సామూహిక నమాజు, వారానికి జుమా, ఏటా పండుగలు, జీవితంలో ఒకసారి హజ్జు—ఇవన్నీ మనుషుల మధ్య సాన్నిహిత్యాన్ని పెంచడానికే అని ఆయన వివరణ.

ఇమామ్ గజాలీ (మరణం క్రీ.శ. 1111) ఈ గ్రంథాన్ని తమ రచనలలో బాగా వాడుకొన్నారు. క్రీ.శ. 1235లో ఖుహిస్తాన్ ఇస్మాయిలీ పాలకుడు దీనిని పారసీలోకి అనువదించమని నసీరుద్దీన్ తూసీని కోరాడు. అంతటి అరబ్బీకి వేరే భాష దుస్తులు తొడిగితే అది వికృతమవుతుందని తూసీ సంకోచించి, కుటుంబం, రాజ్యం గురించిన భాగాలు చేర్చి 'అఖ్లాఖె నాసిరీ' రచించారు. క్రీ.శ. 1256లో మంగోలుల ముందు ఇస్మాయిలీలు ఓడిపోయాక, పాత పోషకుని పొగిడిన పీఠికను ఆయన మార్చి, అప్పుడు నిర్బంధంలో వ్రాశానన్నారు. శీలాన్ని గురించి వ్రాసినవానికీ కాలం పరీక్ష పెట్టక మానలేదు.

ఆ గ్రంథమే తరువాత అక్బరుకు చదివి వినిపించేవారని అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ'లో పేర్కొన్నారు. రాజులు విన్న ఈ విద్యకు ఆధారమైన తమ గ్రంథంలో మిస్కవైహ్ ఒక మాట దాచలేదు: చిన్ననాటి చెడు అలవాట్లు తమలో పాతుకుపోయిన తరువాత, పెద్దవయసులో, ఎంతో ప్రయాసతో, మెల్లమెల్లగా వాటిని మాన్పుకొన్నామని. చదువరి తమకంటె ముందుగా మేలుకోవాలన్నదే ఆయన కోరిక. అఖ్లాఖ్ శాస్త్రం చదవబోయేవారు మొదట గ్రహించవలసినది ఈ నిజాయితీనే.