కడపను తమ యూరుగా జేసికొన్నవారు

తుంగభద్రాతీరమందలి కర్నూలున పుట్టి, ఉద్యోగవశమున కడప జేరి, పాలకొండల వడగాలికిని, బుగ్గవంక యొడ్డున సందడించు వీథులకును, ఎఱ్ఱకారము దోసెకును మనసిచ్చిన వాడనగుటచే, ఈ పట్టణమును నావలెనే వలచి నిలిచిన పరవాసుల చరిత్రము నాకు బంధువుల ముచ్చటవలె ప్రియమై తోచుచుండును.

వారిలో అగ్రగణ్యుడు చార్లెసు ఫిలిప్ బ్రౌను. 1798లో కలకత్తాలో జన్మించి, 1817లో చెన్నపట్టణము జేరి తెలుగక్షరములు దిద్దుకొన్న ఆ దొర, 1820లో కలెక్టరునకు సహాయకుడై కడపకు వచ్చునాటికి ఇరువదిరెండేండ్లు నిండని యువకుడు. పిమ్మట మచిలీపట్టణమునకు బదిలీయై పోయి, వేమన పద్యముల రుచి మరగి, మరల కడపకు వచ్చినపుడు ఇచ్చట తోటతో గూడిన బంగళా నొకదానిని కొనెను. దొరలు బంగళాలు కొనుట నాడు అరుదు గాదు. కొన్న బంగళాను తెలుగు పండితులకు విడిదిగా జేయుటయే అపూర్వము. చెదలపాలగుచున్న తాళపత్రములను ఊరూర వెదకి తెప్పించి, ప్రతికి ప్రతిని పోల్చి, లేఖకుల తప్పులను దిద్ది, శుద్ధప్రతులు వ్రాయించుటకై ఆయన తన జీతము వెచ్చించి, చాలనిచో ఋణము చేసియు, పండితులను పోషించెను. జూలూరి అప్పయ్యవంటి విద్వాంసులు వ్యాఖ్యలు రచింప, అయోధ్యాపురము కృష్ణారెడ్డి పనులను పర్యవేక్షింప, దొర వేరొక యూర నున్న దినములందును కడపలో ఘంటము ఆగలేదు. 1829లో వేమన పద్యములును, 1852లో ఆయన తెలుగు-ఆంగ్ల నిఘంటువును అచ్చున వెలసినవి. వాని వెనుకనున్న పరిశ్రమలో కడప పాలు మిక్కిలి పెద్దదని నా దృఢవిశ్వాసము.

1855లో ఆయన ఇంగ్లండునకు మరలెను. 1884లో లండనున మరణించెను. బంగళా శిథిలమయ్యెను. ఆ మొండిగోడల చోట బ్రౌను పేర గ్రంథాలయము నిలిపినవాడును పరవాసియే: అనంతపురము మండలమందలి రాయదుర్గమున పుట్టి, కడపలో ఆంగ్లోపన్యాసకుడైన జానుమద్ది హనుమచ్ఛాస్త్రి. చందాల కొరకు ఆయన యెక్కని గడప లేదనిన అతిశయోక్తి గాదు.

వచ్చినవారిని తనలో గలుపుకొనుట ఈ యూరికి పాతయలవాటే. బీదరునుండి వచ్చిన సూఫీ గురువుల పెద్దదర్గా ఉరుసున హిందువులు చేరుదురు. ఉగాదినాడు, వేంకటేశ్వరుని దేవేరియైన ముస్లిము పడుచుగా జనులు నమ్ము బీబీ నాంచారి పుట్టినింటి వరుసచే ముస్లిములు దేవుని కడప వేంకటేశ్వరునికి టెంకాయ కొట్టుదురు.

బ్రౌను గ్రంథాలయము నేడు యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చెందినది. మెకంజీ దొర సేకరింపించిన కడప మండలపు గ్రామచరిత్రములగు కైఫియత్తులు అచ్చటనుండి సంపుటములుగా వెలువడినవి. ఈ యూరికి కొత్తగా బదిలీయై వచ్చిన సోదరులారా, ఒక సాయంకాలము ఎఱ్ఱముక్కపల్లెకు పోయి దానిని దర్శింపుడు. అటకలమీద తాళపత్రములు గల రాయలసీమ గృహస్థులారా, వానిని చెదలకు విడువక అచ్చటికి చేర్పుడు.