కాలువకు అటూ ఇటూ మా భీమడోలు

భీమడోలు నుంచి ఉత్తరానికి బయల్దేరితే దారి కొద్దికొద్దిగా మెరక ఎక్కుతుంది. ఎర్రనేల, జీడిమామిడి, నిమ్మ, పామాయిల్ తోటలు, కొబ్బరి నీడన కోకో మొక్కలు కనిపిస్తాయి. సుమారు 15 కిలోమీటర్లు వెళ్ళేసరికి ద్వారకా తిరుమల కొండ వస్తుంది. దక్షిణానికి తిరిగితే వరిచేలు, అవి దాటాక చేపల చెరువులు, ఆ చెరువుల వెనకాల కొల్లేరు. పొద్దున్నే సైకిలెక్కినవాడు మధ్యాహ్నం భోజనాల వేళకి కొండనీ సరస్సునీ రెంటినీ చూసి ఇంటికి రావచ్చు. ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్యనున్న ఊళ్ళన్నిటికీ ఈ లక్షణం ఎంతో కొంత ఉంది. మా మండలంలో మాత్రం మెట్టా, డెల్టా, కొల్లేరు లంకా మూడూ ఉన్నాయి. వెనకటి జిల్లా మాన్యువళ్ళలో దొరలు ముందు నేల, తరవాత పంట, ఆఖరున జనం అని వరసగా రాసుకుపోయేవారు. మా ఊరి సంగతి అలా విడదీసి చెప్పడం కుదరదు. ఇక్కడ నీరు ఏ మట్టానికి వస్తుందో దాన్నిబట్టే పంట, పంటను బట్టే మనుషుల బతుకు నడిచాయి.

మెట్టకీ పల్లానికీ నడుమ ఉన్న ఆ అంచు కొత్తదేం కాదు. శాలంకాయనులు ఏలిన వేంగి, అంటే ఇప్పటి పెదవేగి, ఆ మెరక మీదే ఉంది. సముద్రగుప్తుడి అలహాబాదు శాసనంలో కనిపించే వేంగి రాజు హస్తివర్మ ఈ వంశం వాడే. కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండల్లో బౌద్ధ భిక్షువులు గుహలు తొలిపించుకున్నారు. తాడేపల్లిగూడెం పక్కన ఆరుగొలనులో స్తూపం అవశేషాలున్నాయి. కొల్లేటి వరద అందని చోట, కొల్లేటి పంటకీ చేపకీ దగ్గరగా ఉండే చోట జనం స్థిరపడ్డారని నాకనిపిస్తుంది.

ఆ అంచును గీత గీసినట్టు నేల మీద చూపించింది కాలువ. 1832-33 కరువుకి, ఆ తరవాత తుఫాన్లకి గోదావరి మండలం చితికిపోయి ఉన్న కాలంలో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టకి ప్రణాళిక వేశాడు. 1847లో పని మొదలై 1852కి పూర్తయింది. పడమటి గట్టున విజ్జేశ్వరం దగ్గర బయల్దేరిన నీరు నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఉంగుటూరు, మా ఊరు మీదుగా ఏలూరు దాకా వస్తుంది. బెజవాడ ఆనకట్ట నుంచి వచ్చే కృష్ణా కాలువ అక్కడే దానికి ఎదురవుతుంది. కాలువ తవ్విన ఇంజనీర్లు భూమి మట్టం చూసుకుని మెరక అంచునే దాన్ని నడిపారు. అందువల్ల కాలువకి దక్షిణాన ఉన్నదంతా తూము తీస్తే తడిసే మాగాణి అయింది. ఉత్తరాన ఉన్నది వానమీదా బావిమీదా ఆధారపడే మెట్టగా మిగిలింది. ఒకే ఇంటి పేరున్న అన్నదమ్ముల్లో దక్షిణపు వాటా వచ్చినవాడు ఒక రకంగా, ఉత్తరపు వాటా వచ్చినవాడు మరో రకంగా బతికిన కుటుంబాలు మా చుట్టుపక్కల చాలానే ఉన్నాయి.

మెట్టలో పడ్డ వాన ఊరుకోదు కదా, పల్లానికి దిగాల్సిందే. వాగులు కాలువకి అడ్డం పడకుండా కింద నుంచి దాటించే కట్టడాలు కట్టారు. మావాళ్ళు వాటిని యూటీలంటారు, అండర్ టన్నెళ్ళన్న మాట. తాడేపల్లిగూడెం అవతల నందమూరు అక్విడక్టు దగ్గర ఎర్రకాలువ ఇలాగే ఏలూరు కాలువ కింద నుంచి సాగిపోతుంది. పెద్ద వాన కురిసినప్పుడల్లా ఆ చుట్టుపక్కల చేలు ఎందుకు మునుగుతాయో అక్కడ నిలబడి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. కొండమీంచి వచ్చే నీటికి దారి చిన్నది, దిగాల్సిన చోటు చాలా దూరం.

కాలువ పొలానికే కాదు, రాకపోకలకీ దారే. వరి, కలప, ఉప్పు, పెంకులు వేసుకుని పడవలు నడిచేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. లేనప్పుడు గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని గుంజుకుంటూ నడిచేవారు. లాకుల దగ్గర నీటి మట్టం సరిచేసి తలుపులు తీసేదాకా పడవలు వరసలో ఆగేవి. కాకినాడలో ఎక్కిన సరుకు గోదావరి కాలువలు, కృష్ణా కాలువలు, ఆపైన బకింగ్‌హాం కాలువ దాటి మద్రాసు చేరేది. నేటికీ వేసవిలో కాలువ కట్టేసే ముందు ఊళ్ళన్నీ మంచినీళ్ళ చెరువులు నింపుకోవడానికి హడావిడి పడతాయి. జూన్‌లో కాలువ వదిలారంటే సార్వాకి నారుమళ్ళు మొదలవుతాయి. సంక్రాంతి దాటకముందే దాళ్వా ఊడ్పులు. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఎంటీయూ 7029 నంబరుతో విడుదల చేసిన స్వర్ణ రకం మా పల్లపు చేలకి చేసిన మేలు ఇంతా అంతా కాదు.

రైలు వచ్చాక పడవకి గిరాకీ తగ్గింది. ఈస్ట్ కోస్ట్ రైల్వే వాళ్ళు 1890లలో బెజవాడ నుంచి రాజమండ్రి వైపు లైను వేసినప్పుడు వాళ్ళూ ఈ అంచునే పట్టుకున్నారు. దెందులూరు, భీమడోలు, పూళ్ళ, కైకరం, చేబ్రోలు, ఉంగుటూరు, బాదంపూడి స్టేషన్లు వరసగా పడ్డాయి. మద్రాసు-కలకత్తా రోడ్డు కూడా పక్కనే నడిచింది. అలా కాలువ, పట్టాలు, రోడ్డు మూడూ ఒకదాని వెంట ఒకటి పోయే చోట, వాటిని అడ్డంగా కోసుకుంటూ వెంకన్న కొండకి పోయే దారి కలిసే చోట భీమడోలు జంక్షను ఏర్పడింది. ద్వారకా తిరుమలలో మూలవిరాట్టులు ఇద్దరు కాబట్టి స్వామివారి కల్యాణం వైశాఖంలో ఒకసారి, ఆశ్వయుజంలో ఒకసారి ఏటా రెండుసార్లు జరుగుతుంది. ఆ కల్యాణాల రోజుల్లో మా రైల్వే గేటు దగ్గర నిలబడితే కోస్తా జనమంతా కనిపిస్తారు. పసుపు బట్టలు కట్టి కాలినడకన వచ్చేవాళ్ళు, ఒళ్ళో పిల్లకి తలనీలాలు తీయించడానికి ట్రాక్టరు మీద వచ్చే చుట్టాలు, వాళ్ళకి జామకాయలూ మొక్కజొన్న పొత్తులూ అమ్మే ఆడవాళ్ళు. ఊళ్ళో సగం టీ కొట్లు ఆ దారి మీద బతుకుతున్నవే.

ఇప్పుడా రోడ్డు పక్కకి జరిగింది. గుండుగొలను దగ్గర నుంచి నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరుకి కొత్త నాలుగు వరసల దారి వేశాక 16వ నంబరు జాతీయ రహదారి అటు పోయింది. తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా పోయే పాత దారికి 216ఏ అని నంబరిచ్చారు. దూరపు లారీలు ఊళ్ళోకి రావడం తగ్గింది. ప్రమాదాలు తగ్గినందుకు సంతోషమే. హోటలు పెట్టుకుని, పంక్చర్లు వేసుకుని బతికినవాళ్ళకి మాత్రం అది పెద్ద దెబ్బ.

మెట్ట కూడా వెనకటిలా లేదు. పొగాకూ జీడిమామిడీ ఉన్న చోట 1980ల చివరి నుంచి పామాయిల్ వచ్చింది. పెదవేగిలో 1995లో ఆయిల్‌పామ్ మీద జాతీయ పరిశోధన కేంద్రమే పెట్టారు. కూలీల ఖర్చు తక్కువ, నెలనెలా గెలలు తెగుతాయి, ఫ్యాక్టరీ దగ్గర. కాబట్టి రైతు అటు మొగ్గడంలో తప్పేం లేదు. కానీ ఆ చెట్టుకి నీరు బాగా కావాలి. బోర్లు లోతుకు పోతున్నాయి. తాడిపూడి ఎత్తిపోతల నీరు కొంత ఆదుకుంటోంది. 2015 నుంచి పట్టిసీమ నీరు మాకు ఉత్తరంగా పోలవరం కుడికాలువలో కృష్ణకి పోతోంది. దాని గట్టున నిలబడి, ఆ నీరు మన చేలకి ఎప్పుడు దిగుతుందని అడిగే మెట్ట రైతు ప్రశ్న న్యాయమైనదే.

ఇక కొల్లేరు. ఈ వ్యాసం రాయాలనిపించింది అసలు దానికోసమే.

రెండు డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సిది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు దాంట్లోకి దిగుతాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే, అది సుమారు 60 కిలోమీటర్లు వంకరలు పోయి సముద్రంలో కలుస్తుంది. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు నీరు తరవాత వచ్చింది ఇక్కడికే. లంక ఊళ్ళ రోడ్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి.

మా మండలంలో ఆగడాలలంక, చెట్టున్నపాడు కొల్లేటి ఊళ్ళు. వలా మావూ పట్టుకుని కొర్రమీను, జెల్ల, ఇంగిలాయి తెచ్చుకుని, వేసవిలో నీరు తీసినకొద్దీ బయటపడ్డ నేలలో వరి వేసుకుని వడ్డివాళ్ళూ తతిమ్మా కొల్లేటి జనమూ బతికారు. తాటి దోనె లేని ఇల్లు ఉండేది కాదు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి లంకలన్నీ కదిలేవి. వరదొస్తే పంట పోయేది, వాన లేకపోతే చేప పోయేది. ఆ కష్టం చూసే 1976 ప్రాంతంలో జలగం వెంగళరావు ప్రభుత్వం మత్స్యకారులకీ దళిత రైతులకీ సొసైటీలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిది. ఆ తరవాత డబ్బున్నవాళ్ళు సొసైటీల చెరువులు లీజుకి తీసుకున్నారు, కొత్త గట్లు వేశారు. చెరువు యజమాని కావలసినవాడు చాలాచోట్ల కాపలాదారుడయ్యాడు.

తెల్లవారుజామున చెరువులో చేపల పట్టుబడి చూస్తే ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలుస్తుంది. గుండెలోతు నీళ్ళలో ఇరవై మంది ఒక కొస నుంచి వల లాక్కొస్తారు. గట్టు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు ఉడికినట్టు కదులుతాయి. బొచ్చె ఒక ట్రేలోకి, శీలావతి ఒక ట్రేలోకి, చిన్నవి మళ్ళీ నీళ్ళలోకి. కాటా వేశాక మరలో ఆడించిన ఐసు ఒక వరస, చేప ఒక వరస పరుస్తారు. మధ్యాహ్నానికి లారీ కదులుతుంది. ఆ చేప తినేది కలకత్తాలోనో అస్సాంలోనో.

1999లో 120వ నంబరు జీవోతో అయిదో అడుగు కాంటూరు, అంటే సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత, దాని లోపలి 308 చదరపు కిలోమీటర్లని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుగట్లు కొట్టేశారు. 2008లో కాంటూరుని మూడుకి తగ్గించమని శాసనసభ తీర్మానించింది. తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, ఇప్పటికీ తెమలలేదు. నా మాట సూటిగా చెబుతాను. సరస్సు బతకాలి. ఆటపాకకి వచ్చే గూడబాతుల కోసమే కాదు, ఉప్పుటేరు మొదట్లో నీరు నిలవడానికి చోటు లేకపోతే మునిగేది మన చేలే. అలాగని గట్టు కొట్టిన రోజున ముందు వీధిన పడింది లీజుదారు కాదు, లంకలోని కూలి. పట్టా ఉన్న జిరాయితీ రైతుకి పరిహారం, మత్స్యకారుడికి వల వేసుకునే హక్కు తేల్చకుండా గీతలు గీసినంత కాలం ఈ గొడవ ఆగదు.

పాలనలో మా చిరునామా చాలాసార్లు మారింది. గోదావరి జిల్లా, 1904 తరవాత కృష్ణా, 1925 నుంచి పశ్చిమ గోదావరి, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లా. తాడేపల్లిగూడెం వేరే జిల్లాకి పోయింది. కైకలూరు మా జిల్లాలోకి రావడంతో, ఎన్నో ఏళ్ళు రెండు జిల్లాలు పంచుకున్న కొల్లేరు దాదాపుగా ఒక్క కలెక్టరు కిందికి వచ్చింది. ఇది మంచి అవకాశం. మెట్ట వాగులు, యూటీలు, మురుగు కాలువలు, ఉప్పుటేరు అన్నీ ఒకే నీటి దారి అని గుర్తించి పూడిక తీయాల్సిన పని ఇప్పుడైనా మొదలుపెట్టాలి.

చదివేవాళ్ళకి ఒక విన్నపం. చెరువులు రాకముందటి కొల్లేటిని పెద్దవాళ్ళుగా ఎరిగినవారు ఇప్పుడు డెబ్భై దాటి ఉన్నారు. కాలువలో పడవ గుంజినవాళ్ళు ఇంకా తక్కువమంది. ఆగడాలలంకలోనో, పూళ్ళలోనో, గుండుగొలనులోనో మీ ఇంట్లో అలాంటి తాతో నాయనమ్మో ఉంటే ఈ వేసవిలో కూర్చోబెట్టి అడగండి. ఏ ఏడు ఏ వీధిదాకా నీరొచ్చిందో, ఏ చేప ఏ నెలలో పడేదో, లాకు దగ్గర ఎవరుండేవారో ఫోనులో రికార్డు చేసి, ఒక నోటుపుస్తకంలో ఎక్కించి ఊళ్ళో హైస్కూలుకివ్వండి.