అద్దె ఇల్లు, ఉతికే పని: కడప జిల్లా పట్టణాల సామాజిక చరిత్ర

1. ప్రవేశిక

మీరు ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో, పులివెందులలోనో అద్దెకు ఒక వాటా చూస్తున్నారనుకోండి. అద్దె మీకు అందుబాటులోనే ఉంది. కాని వాషింగ్ మెషిన్ పెట్టుకునే చోటు లేదు, దానికి కొళాయి లేదు. ఆ ఇల్లు తీసుకోవాలా, వద్దా? ఇది కేవలం ఇంటి ఖర్చుల లెక్కలాగా కనిపిస్తుంది. కాని మీ తాతల కాలంలో ఈ ప్రశ్న పుట్టే అవకాశమే లేదు. అప్పట్లో మైల బట్టలు ఉతకడం చాలా ఇళ్లలో ఇంటి పని కాదు. అది ఇంటి పనిగా ఎలా మారింది, ఆ మార్పులో శ్రమ ఎవరి నుంచి ఎవరి మీదకు వచ్చింది అనే విషయాలను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

2. రేవు, మేర

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పెన్నా ఒడ్డున ఉన్న పట్టణాలు. పెన్నా ఏడాది పొడవునా పారే నది కాదు. నీళ్లు లేని నెలల్లో ఇసుకలో చెలమలు తోడుకోవలసి వచ్చేది. పులివెందుల పెన్నాకు దూరం. అక్కడ బావులు, చెరువులు, వంకలే ఆధారం. నీళ్లు ఎక్కడుంటే చాకిరేవు అక్కడ ఉండేది.

గ్రామంలోని పన్నెండు మంది ఆయగాళ్లలో చాకలి ఒకరు. వారికి కూలి డబ్బుగా కాక, పంట కల్లంలో మేరగా ముట్టేది. కొన్ని ఊళ్లలో మాన్యం భూమి కూడా ఉండేది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. థామస్ మన్రో కాలంలో భూమి శిస్తు పద్ధతి మారింది గాని, ఊరికీ ఆయగాళ్లకూ మధ్య ఉన్న కట్టుబాటు వెంటనే పోలేదు.

పని తీరు కూడా గమనించండి. బట్టలను చౌడు మన్ను కలిపిన నీటిలో నానబెట్టి, బానలో ఉబ్బ వేసి, బండ మీద బాది ఉతికేవారు. చౌడులో ఉండే సోడియం కార్బొనేటు జిడ్డును వదిలిస్తుంది. పురుటి బట్టలు, ముట్టు బట్టలు, చావు ఇంటి బట్టలు కూడా వారి వంతే. దళితుల బట్టలు ఉతకడానికి కుల కట్టుబాట్లు ఒప్పుకునేవి కావు. వారి బట్టలు వారే ఉతుక్కునేవారు. అంటే కొన్ని ఇళ్లకు కలిగిన తీరిక, పుట్టుకతో ఒక కులం మీద పడిన బాధ్యత మీద ఆధారపడింది.

3. సబ్బు, బండ, కొళాయి

1888లో సన్‌లైట్ సబ్బు మన దేశానికి దిగుమతి అయింది. 1959లో సర్ఫ్ వచ్చింది. 1969లో అహ్మదాబాదులో మొదలైన నిర్మా పౌడర్ తక్కువ ధరతో సామాన్యుల ఇళ్లకు చేరింది. ఉప్పు నీళ్లలో సబ్బు నురగ రాదు, పౌడర్ కొంత నయం. బోర్ల నీటిని నమ్ముకున్న ఊళ్లకు ఇది చిన్న విషయం కాదు. జిల్లాలో దొరికే కడప బండ పెరట్లో ఉతికే బండగా కుదిరింది. కొళాయి, బోరు వచ్చాక రేవు దాకా వెళ్లే అవసరం తగ్గింది.

మేర స్థానంలో డబ్బు వచ్చింది. రజకుల్లో కొందరు ఇస్త్రీ బంకులు, లాండ్రీ షాపులు పెట్టుకున్నారు. కట్టుబాటు నుంచి బయటపడటం వారికి మేలే, కాని కల్లంలో ముట్టే గింజల భరోసా కూడా దానితోనే పోయింది. రేవులో తగ్గిన పని మాయం కాలేదు. చాలావరకు ఇంటి ఆడవాళ్ల చేతుల్లోకి వచ్చింది.

4. యంత్రం

అమెరికాలో కూడా యంత్రం మొదటి నుంచీ ప్రతి ఇంటి సొత్తు కాదు. 1934లో టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో గంటల లెక్కన యంత్రాలు అద్దెకిచ్చే దుకాణం తెరిచారు. నేడు అక్కడికి వెళ్లిన మన పిల్లల్లో చాలామంది అపార్ట్‌మెంటులోని ఉమ్మడి యంత్రాలతో సర్దుకుంటారు. మన పట్టణాల్లో అలాంటి ఉమ్మడి ఏర్పాటు అరుదు. కాబట్టి ఇక్కడ యంత్రం లేకపోతే మిగిలేది మనిషి చెయ్యే.

5. నిర్ణయానికి నాలుగు ప్రశ్నలు

మొదటిది నీరు. మున్సిపల్ నీళ్లు ఎన్ని గంటలు వస్తాయి? బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయా? అలాంటి నీళ్లు యంత్రం లోపల తెల్లగా పేరుకుని దాన్ని పాడుచేస్తాయి. కనుక యంత్రానికి చోటున్న ఇల్లయినా మంచి నీళ్లు లేకపోతే ప్రయోజనం తక్కువ.

రెండోది ఆరవేసే చోటు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో డ్రయర్ లేదని బాధపడనక్కరలేదు. మిద్దె ఎక్కనిస్తారా అని మాత్రం ముందే అడగండి.

మూడోది ఉతికే బండ. వాటాదారులు ఎందరు? వంతులు ఎలా వేసుకుంటారు?

నాలుగోది అసలైనది. ఉతికేది ఎవరు? మనిషిని పెట్టుకుంటే ఆ జీతాన్ని అద్దెతో కలిపి లెక్క వేయండి. మీరందరూ వంతులవారీగా ఉతుక్కుంటే ఇల్లు తీసుకోవచ్చు. "ఇంట్లో ఆడవాళ్లు చూసుకుంటారులే" అన్నదే మీ జవాబైతే, ఆ అద్దె తక్కువ కాదు. మిగిలిన భాగాన్ని ఒకరు తమ నడుముతో, తమ గంటలతో కడుతున్నారు. పూర్వం ఆ భాగాన్ని రేవులో ఒక కులం కట్టింది.

అభ్యాసం

మీ ఇంట్లో గత మూడు తరాలుగా బట్టలు ఎవరు, ఎక్కడ, ఏ నీటితో ఉతికారో పెద్దలను అడిగి తెలుసుకోండి. వారి శ్రమకు ఏ రూపంలో ప్రతిఫలం ముట్టిందో ఒక పేజీలో రాయండి.