ఎస్ప్రెసో మిషన్: ఇల్లు అడిగింది, కంపెనీ ఇచ్చింది

పాతబస్తీ నుంచి పురానాపూల్ దాటి బేగంబజార్‌లోకి వెళ్తే వంటపాత్రల దుకాణాలు వరసగా కనిపిస్తాయి. మూసీ మీద ఆ 22 కమానుల వంతెనను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా 1578లో కట్టించాడు. హైదరాబాద్ నగరం దాని తర్వాతే పుట్టింది. ఈ బజారులో పాత్ర కొనేవాళ్లు బేరానికి ముందు మూడు సంగతులు చూసుకుంటారు: మందమెంత, కడగడం సులువేనా, పాడైతే బాగుచేసేవాళ్లున్నారా. ఎస్ప్రెసో మిషన్ పుట్టి 140 ఏళ్లు దాటింది. ఇప్పుడది మన వంటగదుల్లోకీ వస్తోంది కాబట్టి ఆ చరిత్రను ఇవే ప్రశ్నలతో ఒకసారి తిరగేయాలి.

మొదట అది ఇంటి కోసం పుట్టలేదు. 1884లో టూరిన్ నగరంలో ఆంజెలో మోరియోండో ఆవిరి సాయంతో కాఫీ దింపే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అది ఒక్కసారిగా పెద్దమొత్తంలో కాచేది. 1901లో మిలాన్‌వాసి లుయీజీ బెజెరా దాన్ని కప్పు లెక్కకు తెచ్చాడు. పిడి ఉన్న చిన్న జల్లెడలో పొడి వేసి యంత్రానికి బిగించడం అప్పుడే మొదలైంది. ఆ పేటెంటు కొన్న దేసిదేరియో పవోని 1905 నుంచి మిషన్లు చేయించి అమ్మాడు. వాటిలో ఒత్తిడి ఒకటిన్నర బార్‌కు అటూ ఇటూ ఉండేది. నీళ్లు మరీ వేడెక్కి కాఫీ మాడు వాసన కొట్టేది. ఈ లోపాన్ని అకిల్లే గాజియా తీర్చాడు. 1938లో పేటెంటుకు వెళ్లిన ఆయన, యుద్ధం ముగిశాక స్ప్రింగు, పిస్టన్, పొడవాటి లివర్‌తో ఎనిమిది, తొమ్మిది బార్ల ఒత్తిడి రాబట్టాడు. కప్పు మీద తేనెరంగు నురగ తేలింది ఆ మిషన్‌తోనే. 1961లో ఫాయెమా కంపెనీ ఈ-61 మోడల్‌లో మోటారు పంపు పెట్టి లివర్ లాగే శ్రమను తప్పించింది.

ఇంటికి అంతకుముందే ఒక పరికరం చేరింది. 1933లో వచ్చిన బియలెట్టి మోకా కుండకు అంత ఒత్తిడి లేదు, పంపూ లేదు. రబ్బరు రింగు అరిగితే కొత్తది వేసుకుంటే చాలు, దశాబ్దాలు నడుస్తుంది. 1961లోనే లా పవోని ‘యూరోపికోలా’ అనే చిన్న లివర్ మిషన్‌ను ఇంటికి తెచ్చింది. చూడముచ్చటగా ఉండేది. కానీ రెండు మూడు కప్పులు దింపేసరికి పైభాగం కాగిపోయి తర్వాతి కప్పు చేదెక్కేది. చుట్టాలు వస్తే ఆ మిషన్ పని అంతే.

అసలు కథ 1991 తర్వాత నడిచింది. ఆ ఏడాది గాజియా క్లాసిక్, 1997లో రాంచిలియో సిల్వియా వచ్చాయి. రెండూ గట్టివే, రెంటికీ లోపాలున్నాయి. సిల్వియాలో నీటి వేడిని చూసేది సాదా థర్మోస్టాట్. వేడి కొన్ని డిగ్రీలు పైకీ కిందికీ ఊగేది. వాడేవాళ్లు దీపం ఆరేదాకా ఆగి, కాస్త నీళ్లు వదిలి, సెకన్లు లెక్కపెట్టి అప్పుడు కప్పు పెట్టేవారు. విసిగినవాళ్లు కొందరు మూత విప్పి, ఫ్యాక్టరీల్లో వేడిని నిలకడగా ఉంచడానికి వాడే పీఐడీ కంట్రోలర్‌ను సొంతంగా బిగించుకున్నారు. ఇప్పుడు ఎన్నో కంపెనీలు దాన్ని లోపలే పెట్టి, పెట్టె మీద గొప్పగా అచ్చేసుకుంటున్నాయి. క్లాసిక్ ఒత్తిడి తొమ్మిదిని మించి పోతోందని వాడేవాళ్లు లోపలి స్ప్రింగు మార్చుకున్నారు. పాల ఆవిరి గొట్టం బాగాలేదని సిల్వియా గొట్టం తెచ్చి తగిలించారు. తర్వాతి మోడళ్లలో కంపెనీయే గొట్టం మార్చింది, ఒత్తిడినీ తొమ్మిదికి దించింది. ఇంటి మిషన్‌కు మెరుగు దిద్దినవాళ్లలో స్క్రూడ్రైవర్ పట్టిన వాడకందార్ల వాటా తక్కువేమీ కాదు.

మన వైపు దారి వేరు. పాతబస్తీ ఇరానీ హోటళ్లలో చాయ్ డికాక్షన్ ఒకచోట, పాలు ఒకచోట సన్నని సెగ మీద ఉంటాయి. ఎంతమంది వచ్చినా కప్పు ఆలస్యం కాదు. రాగి పాత్ర లోపల కళాయి చెరిగితే మళ్లీ వేయించుకుంటారు. ఇక మన పెళ్లిళ్లలో ‘ఎక్స్‌ప్రెసో కాఫీ’ పేరిట బుసకొట్టే మిషన్‌లో ఒత్తిడితో కాఫీ దింపడమే లేదు. ఇన్‌స్టంట్ పొడి కలిపిన పాలలోకి ఆవిరి వదిలి నురగ లేపుతారు. పేరు తప్పే గానీ, మనవాళ్లకు కావలసింది ఏమిటో ఆ మిషన్ చెబుతోంది. వేడి పాలు ఎక్కువగా, చకచకా రావాలి.

ఈ ఊళ్లో ఇంటి మిషన్ ఓడిపోయేది అక్కడే. ఒకే బాయిలరున్న మిషన్ కాఫీకి 93 డిగ్రీల దగ్గర ఉండాలి, పాల ఆవిరికి 130 దాకా ఎక్కాలి, మళ్లీ దిగాలి. ఇంట్లో ఐదుగురుంటే ఐదో కప్పు వచ్చేలోగా మొదటిది చల్లారుతుంది. రెండు బాయిలర్లున్న మిషన్ ఈ చిక్కు తీరుస్తుంది గానీ ధర అందదు.

రెండో చిక్కు నీళ్లు. 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్ (గండిపేట చెరువు), హిమాయత్ సాగర్ నగరానికి మంచినీళ్లిచ్చాయి. గండిపేట నీటి రుచిని పాతకాలపువాళ్లు ఇప్పటికీ తలచుకుంటారు. బోరునీళ్లు పోసే ఇళ్లలో మాత్రం బాయిలర్ గోడకు తెల్లటి సున్నపు పొర పేరుకుంటుంది, సన్నని వాల్వు రంధ్రాలు పూడుకుపోతాయి. పోనీ ఆర్వో నీళ్లు పోద్దామంటే మరో తంటా. కొన్ని మిషన్లు నీటిమట్టాన్ని విద్యుత్ ప్రవాహంతో కనిపెడతాయి. లవణాలు బాగా తగ్గిన నీళ్లలో ఆ సెన్సర్‌కు నీళ్లున్నట్టే తెలియదు.

మిగిలినవి చిన్న కోరికలే. ట్యాంకు ముందునుంచి తీయగలగాలి. కిందకారిన నీళ్ల ట్రే రెండు కప్పులకే నిండిపోకూడదు. స్టీలు గ్లాసు పట్టేంత ఎత్తుండాలి. పంపు మోత పక్కగదిలో నిద్రపోయేవాళ్లను లేపకూడదు. పొర వదిలించే మందు వేయడం మెకానిక్ లేకుండా ఇంట్లోనే కుదరాలి. పెట్టె మీద ‘15 బార్’ అని అచ్చేస్తే మురిసిపోనక్కర్లేదు, కాఫీకి తొమ్మిది చాలు.

కొనబోయేవారికి ఒక్క మాట. తెరలూ మీటలూ తర్వాత చూడండి. ముందు మిషన్ మూత స్క్రూలతో విప్పవచ్చేమో కనుక్కోండి. పొడి పట్టే పిడి 58 మిల్లీమీటర్ల కొలతదైతే మేలు, దాని రబ్బరు వాషర్లూ జల్లెడలూ చాలా కంపెనీలవి దొరుకుతాయి. విడిభాగాలు ఎన్నేళ్లపాటు ఇస్తారో బిల్లు మీద రాయించుకోండి. రాసివ్వని దుకాణంలో కొనకండి.